చోటు మారిన ఫైలు బ్యాకప్‌కు ఎందుకు చిక్కదు?

ప్రతి రాత్రీ బ్యాకప్ జరుగుతూనే ఉన్నప్పుడు, తెల్లవారి వచ్చే నివేదికలో ఒక్క లోపమైనా నమోదు కానప్పుడు, సర్వర్‌లో కళ్ళెదుట కనిపిస్తున్న ఫైలు బ్యాకప్‌లో వెతికితే ఎందుకు దొరకదు? నిల్వ సర్వర్ల బాధ్యత చూసేవారికే కాక, ఆఫీసు లెక్కలనో ఇంటి ఫొటోలనో కంప్యూటర్‌లో దాచుకుని రాత్రిపూట దానంతట అదే నకలు తీసే ఏర్పాటు చేసుకున్న ఎవరికైనా ఈ ప్రశ్న ఎదురుకావచ్చు. డిస్కు చెడిపోయినా, కరెంటు పోయి ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయినా కారణం వెంటనే తెలుస్తుంది. ఇక్కడ మాత్రం ఏదీ చెడిపోలేదు, ప్రోగ్రాం తనకు అప్పగించిన పనిని అప్పగించినట్టే చేసింది, వెలితి ఆ అప్పగించిన పనిలోనే ఉంది. దొరకని ఆ ఫైలును ఎవరూ తెరిచి దిద్దలేదు, కొత్తగా రాయనూ లేదు, ఒక ఫోల్డర్ నుంచి మరో ఫోల్డర్‌కు జరిపారంతే.

ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగిశాక, గడిచిన ఏడాది బిల్లులు, రసీదులు, జీతాల పట్టికలు ఉన్న ఫోల్డర్‌ను లెక్కల విభాగం వారు అలాగే ఎత్తి ‘పాత సంవత్సరాలు’ అనే మరో ఫోల్డర్‌లో పెట్టడం ఆఫీసుల్లో మామూలే. ఆ ఫోల్డర్‌లో పది ఫైళ్ళున్నా లక్ష ఫైళ్ళున్నా, దాని పరిమాణం వందల గిగాబైట్లయినా, జరపడం క్షణంలో ముగిసిపోతుంది. అంత సమాచారం అంత వేగంగా ఎలా కదిలిందన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే, బ్యాకప్ ఆ కదలికను ఎందుకు గమనించలేదన్న ప్రశ్నకూ జవాబు దొరికినట్టే.

మార్పుల బ్యాకప్ అడిగే ప్రశ్న

సర్వర్‌లోని సమస్తాన్నీ ఒక్క ఫైలు కూడా వదలకుండా నకలు తీస్తే అది పూర్తి బ్యాకప్. అన్ని విధాలా నమ్మదగినదే అయినా దీన్ని ప్రతి రాత్రీ చేయడం కుదరదు. సెకనుకు 1 గిగాబిట్ వేగం గల నెట్‌వర్క్ మీద, ఎక్కడా ఆటంకం లేకుండా సాగినా, 10 టెరాబైట్ల సమాచారం పంపడానికి 22 గంటలకు పైగా పడుతుంది. అంటే ఒక రాత్రి మొదలుపెట్టిన నకలు మరుసటి రాత్రి మళ్ళీ మొదలుపెట్టవలసిన వేళ దగ్గరపడ్డాక గాని పూర్తికాదు. అందుచేత వారానికో నెలకో ఒకసారి పూర్తి బ్యాకప్ తీసి, మధ్యలోని రాత్రుళ్ళలో అంతకుముందటి బ్యాకప్ తర్వాత మారినవాటిని మాత్రమే తీసుకునే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఇంగ్లీషులో ఇంక్రిమెంటల్ బ్యాకప్ అనే ఈ పద్ధతిని ఈ అధ్యాయంలో మార్పుల బ్యాకప్ అని పిలుద్దాం. సర్వర్ పాడైన రోజున ముందు పూర్తి బ్యాకప్‌ను దించి, దానిమీద ఒక్కొక్క రాత్రి మార్పులను తేదీల వరుసలో పరచుకుంటూ పోతే చివరి రాత్రి నాటి స్థితి తిరిగి వస్తుందన్నది దీని వెనుక ఉన్న లెక్క.

ఈ లెక్క నిలవాలంటే మారిన ఫైళ్ళేవో ప్రోగ్రాంకు తప్పకుండా తెలియాలి. ప్రతి ఫైలునూ తెరిచి, లోపలి అక్షరమక్షరాన్నీ పాత నకలుతో సరిపోల్చితే పూర్తి బ్యాకప్‌కు పట్టినంత కాలమూ పడుతుంది గనుక, ప్రోగ్రాములు సాధారణంగా ఒక దగ్గరి దారి పట్టాయి. ప్రతి ఫైలుకూ దాన్ని చివరిసారి దిద్దిన సమయం జతపడి ఉంటుంది. ఆ సమయం గత బ్యాకప్ సమయం కంటే తర్వాతిదైతే తీసుకోవడం, ముందుదైతే వదిలేయడం. ఫైలు తెరవనక్కరలేదు, సమయం ఒక్కటి చూస్తే చాలు కాబట్టి లక్షల ఫైళ్ళను కొద్ది నిమిషాల్లో వడకట్టవచ్చు. విండోస్‌లో దీనికి బదులు ఆర్కైవ్ గుర్తు అనే ఏర్పాటు డాస్ కాలం నుంచీ ఉంది: ఫైలును రాసినప్పుడు ఆ గుర్తు పడుతుంది, బ్యాకప్ ప్రోగ్రాం నకలు తీసుకున్నాక దాన్ని చెరిపేస్తుంది, గుర్తు ఉన్నవే మరుసటిసారి తీసుకోవలసినవి.

రెండు పద్ధతులూ ఒకే నమ్మకం మీద నిలబడ్డాయి. ఒక చోటికి కొత్తగా వచ్చిన ఫైలుకు సమయమో గుర్తో కూడా కొత్తదే ఉంటుందన్నది ఆ నమ్మకం. కొత్తగా రాసిన ఫైలు విషయంలో అది నిజం, కొత్తగా వచ్చి చేరిన ఫైలు విషయంలో నిజం కాదు.

పేరు ఒకచోట, సమాచారం మరొకచోట

యూనిక్స్, లినక్స్ వ్యవస్థల్లో ఒక ఫైలు మూడు ముక్కలుగా ఉంటుంది. అసలు సమాచారం డిస్కు మీద కొన్ని గడుల్లో ఉంటుంది. ఆ గడులు ఎక్కడున్నాయి, ఫైలు పరిమాణమెంత, యజమాని ఎవరు, ఎవరెవరు చదవవచ్చు, ఎప్పుడు దిద్దారు అన్న వివరాలన్నీ ఐనోడ్ అనే చిన్న పట్టీలో ఉంటాయి. ప్రతి ఐనోడ్‌కూ ఒక సంఖ్య ఉంటుంది. ఆశ్చర్యకరమైన సంగతి ఏమంటే, ఫైలు పేరు ఈ పట్టీలో ఉండదు. పేరు ఉండేది ఫోల్డర్‌లో. ఫోల్డర్ అంటే ఫలానా పేరుకు ఫలానా సంఖ్య గల ఐనోడ్ అని వరుసగా రాసుకున్న జాబితా మాత్రమే. కాబట్టి ఒకే డిస్కు విభాగంలో ఫైలును ఒక ఫోల్డర్ నుంచి మరో ఫోల్డర్‌కు జరపడమంటే ఒక జాబితాలో ఒక పంక్తి కొట్టివేసి మరో జాబితాలో ఒక పంక్తి రాయడమే. సమాచారం ఉన్న గడులను ఎవరూ ముట్టుకోరు. వందల గిగాబైట్ల ఫోల్డర్ క్షణంలో కదలడానికి కారణం ఇదే, అందులోని ఫైళ్ళు దిద్దిన సమయం ఏమాత్రం మారకపోవడానికి కారణమూ ఇదే.

ఐనోడ్ పట్టీలో నమోదయ్యే సమయాల్లో ఇక్కడ రెండు ముఖ్యం. లోపలి సమాచారం మారినప్పుడు పడేది దిద్దిన సమయం, దీన్ని ఎమ్‌టైమ్ అంటారు. సమాచారం మారినా, యజమాని మారినా, అనుమతులు మారినా, పట్టీలో ఏ వివరం మారినా పడేది స్థితి మారిన సమయం, దీన్ని సీటైమ్ అంటారు. మొదటిదాన్ని వాడుకరి తనకు కావలసిన తేదీకి మార్చుకోవచ్చు, రెండవదాన్ని నేరుగా మార్చే ఆదేశం లేదు. లినక్స్‌లో విస్తారంగా వాడే ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైలు వ్యవస్థలు ఒక ఫైలును జరిపినప్పుడు దాని సీటైమ్‌ను కొత్తగా వేస్తాయి గాని, యూనిక్స్ వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ దీన్ని తప్పనిసరి చేయలేదు. అయితే జరిపింది ఫైలును కాక ఫోల్డర్‌ను అయినప్పుడు ఆ ఫోల్డర్ తాలూకు పట్టీలోనే సీటైమ్ మారుతుంది. దాని లోపలి లక్ష ఫైళ్ళ పట్టీల్లో ఏ సమయమూ మారదు, ఎందుకంటే వాటికి సంబంధించినంతవరకు ఏమీ జరగలేదు. విడి ఫైలును జరిపితే ఎమ్‌టైమ్ మాత్రమే చూసే బ్యాకప్ దాన్ని వదిలేస్తుంది, సీటైమ్ కూడా చూసేది పట్టుకుంటుంది. మొత్తం ఫోల్డర్‌ను జరిపితే రెండూ వదిలేస్తాయి. ఫైళ్ళను ఒక డిస్కు నుంచి మరో డిస్కుకు జరిపినప్పుడు వ్యవస్థ నిజంగానే నకలు రాసి పాతదాన్ని తొలగిస్తుంది కాబట్టి కొత్త ఐనోడ్, కొత్త సీటైమ్ పుడతాయి, పాత ఎమ్‌టైమ్‌ను మాత్రం జాగ్రత్తగా వెంట తీసుకువస్తుంది. జిప్, టార్ వంటి మూటలను విప్పినప్పుడు బయటికి వచ్చే ఫైళ్ళూ సాధారణంగా ఇలాగే పాత తేదీలతో వస్తాయి.

ఈ పరిస్థితిని ఓటర్ల జాబితాతో పోల్చి చూడవచ్చు. ఒక వార్డులో జాబితా సవరించే ఉద్యోగి ఇంటింటికీ తిరిగి, ఈ ఏడాది 18 ఏళ్ళు నిండినవారు ఎవరని మాత్రమే అడుగుతున్నాడనుకుంటే, ఆ వార్డులో పుట్టిపెరిగిన పిల్లల పేర్లన్నీ సక్రమంగా ఎక్కుతాయి. పక్క వార్డు నుంచి కిందటి నెల ఇల్లు మారి వచ్చిన 40 ఏళ్ళ మనిషి పేరు ఎక్కదు, ఎందుకంటే ఆయన వయసులో కొత్తేమీ లేదు, మారింది చిరునామా ఒక్కటే. పాత వార్డు జాబితాలో ఆయన పేరు ఇంకా ఉంటే కనీసం అక్కడైనా ఓటు దొరుకుతుంది. కానీ పాత వార్డు ఉద్యోగి మాత్రం ఇల్లు ఖాళీగా ఉందని చూసి పేరు కొట్టివేసే రకమైతే, ఆ మనిషి ఇక్కడా లేకుండా, అక్కడా లేకుండా పోతాడు. ఇద్దరు ఉద్యోగులూ నియమం ప్రకారమే పనిచేశారు. వెళ్ళిపోయినవారిని ఇల్లు చూసి, వచ్చినవారిని వయసు చూసి లెక్కించడంలోనే తప్పు ఉంది.

బ్యాకప్‌లోనూ సరిగ్గా ఈ రెండు స్థాయులే ఉన్నాయి. తొలగింపులను పట్టించుకోని ప్రోగ్రాం అయితే, సర్వర్‌ను పునరుద్ధరించినప్పుడు గడిచిన ఏడాది లెక్కలు కొత్త చోట కనిపించవు గాని పూర్తి బ్యాకప్ నుంచి పాత చోట ప్రత్యక్షమవుతాయి. అయోమయం తప్ప నష్టం లేదు. తొలగింపులను జాబితా చూసి, చేర్పులను సమయం చూసి పట్టే ప్రోగ్రాం అయితే, పాత చోట తీసివేసి కొత్త చోట పెట్టదు. అన్నిటికంటే ప్రమాదకరమైనది, బ్యాకప్ పరిధిలో లేని ఫోల్డర్ నుంచి పరిధిలోకి ఫైళ్ళను జరపడం. డౌన్‌లోడ్‌లకో తాత్కాలిక పనికో కేటాయించిన ఫోల్డర్‌ను బ్యాకప్ నుంచి మినహాయించడం సర్వసాధారణం; అక్కడ నెల రోజులు తయారైన ఫోల్డర్‌ను అదే డిస్కులోని భద్రమైన చోటికి జరిపిన రోజున, ఇక బెంగ లేదని యజమాని అనుకుంటాడు, కానీ ఆ ఫైళ్ళకు ప్రపంచంలో ఎక్కడా రెండో నకలు లేదు. తర్వాతి పూర్తి బ్యాకప్ జరిగినప్పుడు ఈ వెలితి పూడుతుంది. పూర్తి బ్యాకప్ వారానికోసారి అయితే వారం, నెలకోసారి అయితే నెల ఆ ఫైళ్ళు దిక్కులేకుండా ఉంటాయి. మొదట ఒక్కసారి తప్ప మళ్ళీ ఎన్నడూ పూర్తి బ్యాకప్ తీయని ఏర్పాటులో, సమయాన్నే నమ్ముకుంటే, వెలితి పూడనే పూడదు.

పేరు మార్చడం కూడా జరపడం వంటిదే. లినక్స్ సర్వర్లలో లాగ్ ఫైళ్ళ పేర్లను వరుసగా ఒక సంఖ్య చొప్పున వెనక్కి నెట్టే పద్ధతి ఒకటి ఉంది. సోమవారం రాత్రి పూర్తి బ్యాకప్ తీసినప్పుడు ఆదివారపు లాగ్ 1వ సంఖ్యతో, శనివారపుది 2వ సంఖ్యతో ఉన్నాయనుకుంటే, ఆ తెల్లవారుజామున సోమవారపు లాగ్ 1గా, ఆదివారపుది 2గా, శనివారపుది 3గా మారుతాయి. ఎమ్‌టైమ్ చూసే మంగళవారపు మార్పుల బ్యాకప్ కొత్త 1ని మాత్రం తీసుకుంటుంది. ఆ రెండిటినీ వరుసగా దించితే 1లో సోమవారం, 2లో శనివారం వస్తాయి. ఆదివారం ఎక్కడా ఉండదు. సర్వర్‌లోకి ఎవరైనా చొరబడ్డారా అని ఆరా తీసేవారికి ఆ ఒక్క రోజే కావలసి రావచ్చు. సంఖ్యకు బదులు తేదీతో పేరు పెట్టే ఏర్పాటు ఈ చిక్కును మొదట్లోనే తప్పిస్తుంది.

కారణం కనిపెట్టడం

ఫైలు బ్యాకప్‌లో లేదని తెలిసినప్పుడు అది చోటు మారినందువల్లే తప్పిపోయిందని ముందే అనుకోకూడదు, ఆధారంతో తేల్చుకోవాలి. మొదట బ్యాకప్ ప్రోగ్రాం తన దగ్గర ఉంచుకునే జాబితాలో ఫైలు పేరును, ఫోల్డర్ ఏదైనా సరే, వెతకాలి. పాత ఫోల్డర్ కింద అదే పేరు, అదే పరిమాణంతో దొరికితే అనుమానం బలపడుతుంది. తర్వాత సర్వర్‌లో ఆ ఫైలుకున్న సమయాలను స్టాట్ అనే ఆదేశంతో చూడాలి. ఫైలు ఎమ్‌టైమ్, సీటైమ్ రెండూ చివరి పూర్తి బ్యాకప్ కంటే పాతవై, ఆ ఫైలు ఉన్న ఫోల్డర్‌కో, దాని పైనున్న ఫోల్డర్‌కో దిద్దిన సమయం ఆ బ్యాకప్ తర్వాతిదైతే, జాబితాలో పంక్తి కొత్తగా చేరిందనీ ఫైలు మాత్రం పాతదేననీ అర్థం. చోటు మారిందనడానికి ఇంతకంటే స్పష్టమైన గుర్తు దొరకదు.

ఇదే లక్షణాన్ని చూపే మరో కారణాన్ని కూడా కొట్టివేయాలి. చాలా బ్యాకప్ ప్రోగ్రాములను ఒకే ఫైలు వ్యవస్థ దాటి పోవద్దని కట్టడి చేస్తారు. ‘పాత సంవత్సరాలు’ అనే ఫోల్డర్ చూడటానికి అక్కడే ఉన్నా నిజానికి అది వేరే డిస్కు అతికించిన చోటైతే, బ్యాకప్ ఆ గడప దాటదు. అప్పుడు కొన్ని ఫైళ్ళు కాక ఆ ఫోల్డర్‌లోనివన్నీ, పూర్తి బ్యాకప్‌లో సైతం, కనిపించవు. ఆ తేడాయే రెండు కారణాలనూ విడదీస్తుంది.

అనుమానం తీరడానికి ఒక చిన్న ప్రయోగం చాలు. పూర్తి బ్యాకప్ అయిన మరునాడు బ్యాకప్ పరిధిలోని ఒక ఖాళీ ఫోల్డర్‌లో కొత్త ఫైలు ఒకటి రాసి, పాత ఫైలు ఒకటి జరిపి, పాత ఫైళ్ళున్న ఫోల్డర్ ఒకటి పరిధి బయట నుంచి తెచ్చి పెట్టి, మార్పుల బ్యాకప్ నడిపి, దాన్ని వేరే చోటికి దించి చూడాలి. మూడిట్లో ఏవి వచ్చాయో చూస్తే ఆ ప్రోగ్రాం సమయాన్ని చూస్తోందా, చూస్తే ఏ సమయాన్ని, లేక జాబితాలను పోలుస్తోందా అన్నది తేలిపోతుంది. తయారీదారు పుస్తకంలో ఏమి రాసి ఉన్నా, తమ సర్వర్‌లో తమ అమరికలతో ఏమి జరుగుతోందో తెలుసుకోవడానికి దీనికి మించిన మార్గం లేదు.

కారణం తేలాక ఆ రాత్రికి తక్షణ చికిత్స పూర్తి బ్యాకప్ తీయడమే. టచ్ అనే ఆదేశంతో ఫైళ్ళన్నిటికీ నేటి తేదీ వేయడం వాడుకలో ఉన్న మరో ఉపాయం. అది పనిచేస్తుంది గాని, 2019లో రాసిన లెక్కల పత్రం ఈ రోజు దిద్దినట్టు కనిపిస్తుంది. తేదీయే సాక్ష్యమైన ఆడిట్ పత్రాల విషయంలో ఇది బ్యాకప్ లోపం కంటే పెద్ద నష్టం. ప్రోగ్రాం సీటైమ్‌ను కూడా చూసేదైతే ఆ ఫైళ్ళకు ఉన్న అనుమతులనే ఛ్మోడ్ ఆదేశంతో తిరిగి ఇస్తే చాలు: సీటైమ్ కొత్తదవుతుంది, దిద్దిన తేదీ చెక్కుచెదరదు.

జాబితాను జాబితాతో పోల్చడం

శాశ్వతమైన పరిష్కారం ప్రశ్న మార్చడంలో ఉంది. గత బ్యాకప్ తర్వాత ఏది దిద్దారని కాక, అప్పుడు ఇక్కడ ఏమేమి ఉన్నాయి, ఇప్పుడు ఏమేమి ఉన్నాయి అని రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఇది కొత్త ఆలోచన కాదు. 1975లో వచ్చిన ఆరవ కూర్పు యూనిక్స్‌లోనే డంప్ అనే బ్యాకప్ ఆదేశం ఉంది. అది ఫోల్డర్ల మీదుగా కాక నేరుగా ఐనోడ్ పట్టీల మీదుగా నడిచి, మారిన ఫోల్డర్ల జాబితాలను కూడా టేపు మీదికి ఎక్కించేది. 1983 నాటి బర్కిలీ యూనిక్స్‌లో వచ్చిన రెస్టోర్ ఆదేశం ఒక మార్పుల టేపుకూ మరోదానికీ మధ్య ఐనోడ్ సంఖ్యల పట్టిక ఒకటి దాచుకుని, సంఖ్య అదే అయి పేరు మారితే అప్పటికే దించిన ఫైలునే కొత్త చోటికి జరిపేది. పైగా డంప్ ఒక ఫైలు వ్యవస్థ మొత్తాన్నీ తీసుకుంటుంది గనుక, బయటి నుంచి లోపలికి పాత ఐనోడ్‌తో జొరబడే అవకాశమే ఉండదు. తర్వాతి తరం ప్రోగ్రాములు తమకు కావలసిన ఫోల్డర్లను మాత్రమే ఎంచుకునే వెసులుబాటు కోసం ఈ లోతైన చూపును వదులుకున్నాయనడం తప్పు కాదు.

గ్నూ టార్‌లో మార్పుల బ్యాకప్‌కు ఒక ప్రత్యేక జాబితా ఫైలు ఉంటుంది. ప్రతి ఫోల్డర్‌లో గతసారి ఏయే పేర్లున్నాయో, ఆ ఫోల్డర్ ఏ పరికరంలో ఏ ఐనోడ్ సంఖ్యతో ఉందో అందులో రాసుకుంటుంది కాబట్టి, పాత తేదీతో కొత్తగా వచ్చి చేరిన ఫైలును కూడా వదలదు. దీనికీ ఒక బలహీనత ఉంది: నెట్‌వర్క్ ద్వారా అతికించిన డిస్కులకు పరికర సంఖ్య స్థిరంగా ఉండదు, అది మారితే సమస్తమూ కొత్తదేనని టార్ భ్రమపడుతుంది, పరికర సంఖ్యను పట్టించుకోవద్దని చెప్పే అమరిక అందుకే ఉంది. విండోస్‌లో 2000 కూర్పు నుంచీ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైలు వ్యవస్థ మార్పుల దినచర్య ఒకటి రాస్తూ, పేరు మార్పులో పాత పేరునూ కొత్త పేరునూ రెండింటినీ నమోదు చేస్తుంది. దాన్ని చదివే బ్యాకప్ ప్రోగ్రాంకు ఆర్కైవ్ గుర్తుతో పనిలేదు.

ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ 1996లో వెలువరించిన ఆర్‌సింక్ వంటి సాధనాలు ఎదురుగా ఉన్న నకలులో అదే చోట అదే పేరుతో ఫైలు ఉందా, పరిమాణం, ఎమ్‌టైమ్ సరిపోతున్నాయా అని చూస్తాయి. చోటు మారిన ఫైలు వాటి దృష్టిలో కొత్తది గనుక తప్పిపోదు, కానీ దాన్ని మొదటి నుంచీ మళ్ళీ పంపుతాయి. పెద్ద ఫోల్డర్ పేరులో ఒక్క అక్షరం దిద్దినా బ్యాకప్ డిస్కు నిండిపోయే ప్రమాదం ఇక్కడి వెల. బోర్గ్, రెస్టిక్ వంటివి సమాచారాన్ని ముక్కలు చేసి, ప్రతి ముక్క నుంచీ హాష్ అనే సంఖ్యను లెక్కగట్టి, అదే సంఖ్య గల ముక్క ముందే ఉంటే మళ్ళీ దాచవు కాబట్టి ఆ వెల తగ్గుతుంది. జెఫ్ బాన్‌విక్, మాథ్యూ ఆరెన్స్ ఆధ్వర్యంలో సన్ మైక్రోసిస్టమ్స్‌లో రూపొంది 2005లో బయటికి వచ్చిన జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైలు వ్యవస్థ ఇంకా లోతుకు పోయి, ప్రతి గడీ ఎప్పుడు పుట్టిందో గుర్తుంచుకుంటుంది. ఫోల్డర్‌ను జరిపితే మారేది జాబితా గడులే గనుక, రెండు స్నాప్‌షాట్‌ల, అంటే ఒక్కో క్షణం నాటి స్థితిని నిలిపి ఉంచిన రూపాల, మధ్య తేడా పంపమంటే ఆ కొద్ది గడులే వెళతాయి, అవతల ఫోల్డర్ కొత్త చోట కనిపిస్తుంది. ఉన్న పద్ధతులన్నిట్లో ఈ సమస్యకు ఇదే నికార్సయిన సమాధానం. అయితే స్నాప్‌షాట్‌ను మరో యంత్రానికి పంపినప్పుడే అది బ్యాకప్ అవుతుంది, అదే డిస్కులో ఉంచితే డిస్కుతోపాటే పోతుంది.

ఫైలు వ్యవస్థను మార్చుకునే వీలు అందరికీ ఉండదు. ఉన్న ప్రోగ్రాంలోనే జాబితాలను పోల్చే ఏర్పాటు ఉందేమో చూసుకోవడం అందరికీ సాధ్యమే. కెర్న్ సిబాల్డ్ 2000లో మొదలుపెట్టిన బాక్యులా అనే ప్రసిద్ధ బ్యాకప్ వ్యవస్థ మామూలుగా ఎమ్‌టైమ్, సీటైమ్‌లనే చూస్తుంది, జరిపిన ఫోల్డర్లలోని ఫైళ్ళు తప్పిపోతాయని దాని వివరణ గ్రంథమే హెచ్చరిస్తుంది. 2009 నాటి 3.0 కూర్పులో అక్యురేట్ అనే అమరిక వచ్చింది. దాన్ని తెరిస్తే గత బ్యాకప్ జాబితా మొత్తాన్నీ ముందు సర్వర్‌కు పంపి, అక్కడున్న ఫైళ్ళతో పోల్చి, చేరినవాటినీ పోయినవాటినీ రెండింటినీ పట్టుకుంటుంది. అందుకు కొంత మెమరీ, కొంత సమయం ఎక్కువ పడతాయి. ఈ అమరిక ప్రోగ్రాంతో వచ్చినప్పుడు మూసే ఉంటుంది. సర్వర్ బాధ్యత చూసేవారు స్వయంగా అమరికల ఫైలులో ‘అవును’ అని రాసేంతవరకు అది పనిచేయదు.